నిసార్ కోసం ఇనుప మూల: కోనసీమ నుంచి ఒక ప్రాజెక్టు డైరీ

2025 సెప్టెంబరు, చివరి వారం

పని ఇది. మూడు లోహపు త్రిభుజాలను ఒకదానికొకటి లంబంగా బిగించి, గది మూలను కోసి తెచ్చినట్టుండే ఆకారం ఒకటి తయారు చేయాలి. దాన్ని పొలంలో సరైన దిక్కుకు, సరైన వాలుతో నిలబెట్టాలి. 747 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతున్న నిసార్ ఉపగ్రహం పంపే రాడార్ తరంగం ఆ మూడు పలకలకూ వరసగా తగిలి, వచ్చిన దారినే వెనక్కి పోతుంది. ఉపగ్రహ చిత్రంలో ఆ చోట ఒక తెల్లని చుక్క పడాలి. చుక్క పడితే ప్రాజెక్టు నెగ్గినట్టు.

దీని పేరు కార్నర్ రిఫ్లెక్టర్. మా పాలిటెక్నిక్ పిల్లలు మూల అంటున్నారు, నేనూ అలాగే రాస్తాను. ఇది కొత్త సంగతేమీ కాదు. రాడార్ ఉపగ్రహాలు నడిపేవాళ్లు తమ పరికరం సరిగా కొలుస్తోందో లేదో చూసుకోవడానికి ఇలాంటి మూలలను చదునైన బయలు ప్రదేశాల్లో పెట్టి ఉంచుతారు. కాలిఫోర్నియాలో రోజమండ్ అనే ఎండిన సరస్సు మీద నాసా వారి ప్రయోగశాల జేపీఎల్ పెట్టిన మూలల వరస ఉంది. వాళ్ల దగ్గర మూల కొలత తెలుసు, దానితో ఉపగ్రహాన్ని సరిచూస్తారు. మాకు ఉపగ్రహం కొలత తెలుసు, దానితో మా మూలను సరిచూసుకుంటాం.

కోనసీమలోనే ఎందుకంటే, రాడార్‌కు ఇది చిరాకు పెట్టే నేల. కొబ్బరాకు గాలికి ఊగుతుంది, వరి వారం వారం పెరుగుతుంది, చేపల చెరువులో నీరు కదులుతుంది. రాడార్ ఉపగ్రహం ఒకే చోటును రెండుసార్లు చూసి, తిరిగొచ్చిన తరంగాల దశల్లో (అల ఎగుడుదిగుళ్లలో ఏ చోట ఉందన్న కొలతలో) తేడా తీసి, నేల సెంటీమీటర్లలో కుంగిందో లేచిందో చెప్పగలదు. కానీ రెండు చూపుల మధ్య ఆ చోట ఉన్నదంతా మారిపోతే తేడా తీయడానికి ఏమీ మిగలదు. పచ్చటి డెల్టాలో కదలకుండా, పెరగకుండా, తడిసినా మారకుండా ఉండే ఒక బిందువు కావాలి. డెల్టా నేల కుంగుతోందన్న మాట ఇక్కడ చాలాకాలంగా వింటున్నాం. ఒక ఇనుప మూలతో అది తేలేది కాదని పిల్లలకు ముందే చెప్పాను. ఇప్పటికి చుక్క చాలు.

నిసార్ గురించి తెలియనివారి కోసం రెండు ముక్కలు. నాసా, ఇస్రో కలిసి కట్టిన రాడార్ ఉపగ్రహం ఇది. 2014 సెప్టెంబరు 30న టొరంటోలో అప్పటి నాసా అధిపతి చార్లెస్ బోల్డెన్, ఇస్రో ఛైర్మన్ కె. రాధాకృష్ణన్ ఒప్పందం మీద సంతకాలు చేశారు. పదకొండేళ్ల తరవాత, 2025 జులై 30 సాయంత్రం 5.40కి శ్రీహరికోట నుంచి జీఎస్ఎల్‌వీ-ఎఫ్16 రాకెట్టు దాన్ని మోసుకెళ్లింది. బరువు 2,393 కిలోలు. పగలూ రాత్రీ, మబ్బున్నా లేకపోయినా భూమిని చూస్తుంది. 12 రోజులకోసారి అదే దారిలోకి వస్తుంది. ఉత్తరంగా వెళుతూ ఒకసారి, దక్షిణంగా వెళుతూ ఒకసారి, ఆ 12 రోజుల్లో దాదాపు ప్రతి చోటునూ రెండుసార్లు చూస్తుంది.

అక్టోబరు, మొదటి వారం

ఈ వారమంతా బోర్డు మీదే గడిచింది. మూల ఎంత పెద్దది కావాలన్నది మొదటి ప్రశ్న.

నిసార్‌లో రెండు రాడార్లున్నాయి. ఎల్ బ్యాండుది జేపీఎల్ కట్టింది, తరంగదైర్ఘ్యం దాదాపు 24 సెంటీమీటర్లు. ఎస్ బ్యాండుది అహ్మదాబాద్‌లోని స్పేస్ అప్లికేషన్స్ సెంటర్ కట్టింది, తరంగదైర్ఘ్యం 9 సెంటీమీటర్ల పైచిలుకు. రెండూ ఒకే 12 మీటర్ల యాంటెన్నాను పంచుకుంటాయి. పొడవాటి తరంగం ఆకుల సందుల్లోంచి లోపలికి దూరి కొమ్మలనూ మాననూ నేలనూ తాకుతుంది. పొట్టి తరంగం పంట పైభాగాన్ని, చిన్న మొక్కలను బాగా పట్టుకుంటుంది. కోనసీమ లాంటి చోట రెండూ పక్కపక్కన దొరకడం పెద్ద సౌకర్యం.

త్రిభుజపు మూల ఎంత బలంగా ప్రతిధ్వనిస్తుందో చెప్పే సూత్రం పాతదే. అంచు పొడవు నాలుగో ఘాతాన్ని 4π తో గుణించి, తరంగదైర్ఘ్యం వర్గానికి మూడు రెట్లతో భాగించాలి. వచ్చే జవాబు చదరపు మీటర్లలో ఉంటుంది. రాడార్‌కు ఆ వస్తువు ఎంత పెద్దదిగా తోస్తుందో చెప్పే కొలత అది, అసలు వైశాల్యంతో దానికి పోలిక ఉండదు. అంచు ఒక మీటరు పెట్టి పిల్లలు లెక్క వేశారు. ఎల్ బ్యాండుకు 74 చదరపు మీటర్లు వచ్చింది. ఎస్ బ్యాండుకు 474. యూరప్ వారి సెంటినెల్-1 రాడార్ ఉపగ్రహం వాడే 5.5 సెంటీమీటర్ల సీ బ్యాండుకు 1,360. అదే మూల, అదే ఇనుము. తరంగం పొడవు పెరిగేకొద్దీ చిన్నబోతుంది.

చుట్టూ ఉన్న పొలం కూడా ఎంతో కొంత వెనక్కి పంపుతుంది. ఒక్కో పిక్సెల్‌లో ఆ పొలం గొంతును మించి మూల గొంతు వినబడాలి. ఒక మీటరు మూల సెంటినెల్‌కు ధారాళంగా సరిపోతుంది. ఎల్ బ్యాండుకు బొటాబొటీ. అంచును ఒకటిన్నర మీటర్లు చేస్తే, నాలుగో ఘాతం కాబట్టి, ప్రతిఫలనం అయిదు రెట్లవుతుంది: ఎల్ బ్యాండుకు 374. ఒకటిన్నర ఖాయం చేశాం. రెండు మీటర్లు చేద్దామని ఇద్దరు పిల్లలు పట్టుబట్టారు. డబ్బు గుర్తు చేశాను.

రెండో ప్రశ్న దిక్కు. ఇక్కడే ఈ వారపు అసలు ఆనందం దొరికింది. చాలా రాడార్ ఉపగ్రహాలు తాము వెళుతున్న దారికి కుడివైపు చూస్తాయి. నిసార్ ఎడమవైపు చూస్తుంది. ఆర్కిటిక్ వైపు చూసే కుడిచూపు ఉపగ్రహాలు ఎలాగూ ఉన్నాయి. ఎడమకు తిప్పితే అంటార్కిటికా మంచు లోపలి దాకా దొరుకుతుందని అలా నిర్ణయించారు. మనకు దాని పర్యవసానం ఇలా ఉంటుంది. ఉత్తరంగా వెళ్లేటప్పుడు నిసార్ మన తూర్పున ఉండి పడమటికి చూస్తుంది, కాబట్టి మూల తూర్పుకు తిరిగి ఉండాలి. దక్షిణంగా వెళ్లేటప్పుడు మన పడమటన ఉండి తూర్పుకు చూస్తుంది, మూల పడమటికి తిరగాలి. సెంటినెల్-1 మన ప్రాంతం మీదుగా తెల్లవారి ఆరు ప్రాంతంలో దక్షిణంగా వెళుతూ కుడివైపు చూస్తుంది, అంటే అదీ మన తూర్పునే ఉంటుంది.

కక్ష్యల వంపును లెక్కలోకి తీసుకుంటే ఉత్తరంగా వెళ్లే నిసార్ కోసం మూల 78 డిగ్రీలకు, సెంటినెల్ కోసం 102 డిగ్రీలకు తిరగాలి. సరిగ్గా తూర్పు 90. రెండింటికీ 12 డిగ్రీల తేడా. మూల చూపు విశాలమైనది, పన్నెండు డిగ్రీల పక్కచూపును సులువుగా ఓర్చుకుంటుంది. అంటే తూర్పు ముఖంగా పెట్టిన ఒకే మూల ఇద్దరికీ కనిపిస్తుంది. సెంటినెల్ సమాచారం ఏళ్ల తరబడి ఉచితంగా దొరుకుతోంది కాబట్టి ముందు దానితో పరీక్షించుకుని, తరవాత నిసార్ కోసం కాచుకోవచ్చు. ఇది కనిపెట్టింది ఎలక్ట్రానిక్స్ రెండో ఏడాది అమ్మాయి. వాస్తు ప్రకారం కూడా తూర్పు ముఖమే మంచిదండీ అని చివర్లో చేర్చింది.

అక్టోబరు, మూడో వారం

వెల్డింగ్ షాపు. చట్రానికి జీఐ (జింకు పూత వేసిన ఇనుము) చతురస్రపు పైపు తీసుకున్నాం, ఉప్పుగాలికి మామూలు ఇనుము రెండేళ్లు నిలవదు.

మూడు పలకల మధ్య కోణాలు కచ్చితంగా 90 ఉండాలి. తేడా వస్తే వెనక్కి వెళ్లే కిరణం వచ్చిన దారి తప్పి చెదిరిపోతుంది. మూలమట్టం పెట్టి చూస్తే ఒకటిన్నర మీటర్ల పొడవు మీద నమ్మకం కుదరలేదు. షాపు ఆయన మూలమట్టాన్ని పక్కన పడేసి టేపు అందుకున్నారు. మూడు అంచుల చివరలను కలుపుతూ వచ్చే మూడు కర్ణాలూ సమానంగా 212 సెంటీమీటర్లు వస్తే మూడు కోణాలూ 90 అయినట్టే. కర్ణంలో సెంటీమీటరు తేడా అంటే కోణంలో అర డిగ్రీ తేడా. ఎల్ బ్యాండుకు అర డిగ్రీ పెద్ద లెక్క కాదు. అయినా ఆయన మిల్లీమీటర్లలోకి దిగారు.

“మాస్టారూ, ఇప్పుడు సరిగ్గా ఉందని ఫుల్ వెల్డింగ్ కొట్టేస్తే చల్లారేటప్పుడు లాగేస్తుందండి. ముందు అక్కడక్కడ చిన్న టాకాలు వేస్తాను. రేపొద్దున మళ్లీ కొలుద్దాం.”

మర్నాడు కొలిస్తే ఒక కర్ణం 212.6 అయింది. ఆ టాకా ఒక్కటి గ్రైండరుతో కోసి, అటు పక్క పైపును క్లాంపుతో లాగిపట్టి, మళ్లీ టాకా వేశారు. తరవాత ఒక మూలన అంగుళం, దానికి ఎదురుగా ఉన్న మూలన అంగుళం చొప్పున మార్చి మార్చి వెల్డింగ్ చేసుకుంటూ వచ్చారు, వేడి ఒకే పక్క పోగుపడకుండా. చివరికి మూడు కర్ణాలూ 212కు రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూగా నిలిచాయి. మా వర్క్‌షాపు పాఠంలో వెల్డింగ్ వల్ల వచ్చే వంకరల గురించి ఒక పేజీ ఉంది. పిల్లలు ఆ పేజీని ఇంత శ్రద్ధగా ఎన్నడూ చదివి ఉండరు.

పలకలుగా అల్యూమినియం రేకు అనుకున్నాం. రేకు కొన్నాం కూడా.

అక్టోబరు, చివరి వారం

మొంథా తుపాను. అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. ఈ వారం ప్రాజెక్టు పని లేదు. కరెంటు లేదు, పడిన చెట్లు తీయడం, పొలాల్లో పడుకున్న వరిని చూసి రావడం.

చట్రం షాపులోనే ఉంది, దానికేమీ కాలేదు. కానీ రేకు మూల పొలంలో ఉండి ఉంటే ఏమయ్యేదన్నది పిల్లల ప్రశ్న. కూర్చుని లెక్క వేశాం. గంటకు 100 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకు దాదాపు 48 కిలోల ఒత్తిడి పెడుతుంది. మూల నోరు వైశాల్యం రెండు చదరపు మీటర్లకు కొంచెం తక్కువ. నోరు తెరిచి ఉన్న ఆకారం కాబట్టి గాలి లోపల చిక్కుకుని ఇంకాస్త ఎక్కువే తోస్తుంది. మొత్తం 130 కిలోల చిల్లర. మూడు మేకులతో నేలకు కొట్టినది ఆ రాత్రి పక్క ఊళ్లో తేలేది.

కాబట్టి రేకు వద్దు, గాలి దూరిపోయే ఇనుప తీగల జాలి.

నవంబరు, మొదటి రెండు వారాలు

జాలితో రాడార్ తరంగం ఆగుతుందా అని షాపు ఆయన అడిగారు. కంటికి సందులు కనిపిస్తున్నప్పుడు ఎవరికైనా వచ్చే అనుమానమే. జవాబు ఉపగ్రహంలోనే ఉంది. నిసార్ 12 మీటర్ల యాంటెన్నా గట్టి పళ్లెం కాదు, బంగారు పూత పూసిన సన్నటి తీగ అల్లిక. 123 కాంపోజిట్ కడ్డీల చట్రం మీద బిగించినది. అంత పెద్దదీ 64 కిలోలే. తరంగదైర్ఘ్యంతో పోలిస్తే కన్నం బాగా చిన్నదైతే తరంగానికి అది రేకుతో సమానం. మేము తీసుకున్న వెల్డ్ మెష్ కన్నం 12 మిల్లీమీటర్లు. ఎల్ బ్యాండుకు అది తరంగదైర్ఘ్యంలో ఇరవయ్యో వంతు, నిశ్చింత. ఎస్ బ్యాండుకూ పరవాలేదు. సెంటినెల్ సీ బ్యాండుకు మాత్రం అయిదో వంతుకు దగ్గర పడుతుంది, కొంత కారిపోతుంది. పరీక్షలో లెక్క కన్నా తక్కువ వస్తే ఇదొక కారణమని ముందే నోట్‌బుక్కులో రాయించాను.

ఆ యాంటెన్నా కథ పిల్లలకు ఇంకొంచెం చెప్పాను, ఎందుకంటే ప్రయోగం ఆలస్యానికి అదే కారణం. 2024లో అంతా సిద్ధమయ్యాక, ముడిచి ఉన్న దశలో ఎండ తగిలి అది అనుకున్నదాని కన్నా ఎక్కువ వేడెక్కవచ్చని తేలింది. బెంగళూరు నుంచి విమానంలో తిరిగి కాలిఫోర్నియా పంపి, వేడిని తిప్పికొట్టే పూత వేయించి, అక్టోబరులో మళ్లీ తెచ్చారు. అంతకు ముందు ఎస్ బ్యాండు రాడార్ అహ్మదాబాద్ నుంచి కాలిఫోర్నియా వెళ్లింది, రెండేళ్లు అక్కడ ఎల్ బ్యాండు రాడార్‌తో జోడింపు జరిగింది, 2023 మార్చిలో జంటగా అమెరికా వాయుసేన సీ-17 విమానంలో బెంగళూరు చేరాయి. వాటిని మోసే ఉపగ్రహపు ప్రధాన దేహం ఇస్రోది. పరికరాలు ఇన్నిసార్లు సముద్రాలు దాటాయంటే ఆలస్యమని విసుక్కోవడం తేలిక. నాకు మాత్రం ఈ భాగమే నచ్చుతుంది. ఒకరు యాంటెన్నా, ఇంకొకరు రాకెట్టు అని పంచుకోవడం కాగితం మీద సులువు. రెండు దేశాల రాడార్లు ఒకే యాంటెన్నాకు గురిపెట్టి, ఒకదాని పనికి ఇంకొకటి అడ్డం రాకుండా, కావాలంటే ఒకేసారి పని చేయాలంటే, ఎవరి బోల్టు ఎవరి కన్నంలోకి వెళుతుందో పక్కపక్కన నిలబడి చూసుకోక తప్పదు.

కక్ష్యలో అది విచ్చుకున్న తీరు కూడా చెప్పుకోదగ్గదే. ఆగస్టు 9 నుంచి 9 మీటర్ల చేయి కీలు కీలుగా తెరుచుకుంది. ఆగస్టు 15న చిన్న పేలుడు బోల్టులు యాంటెన్నాను కట్టిపెట్టిన పట్టు వదిలించాయి. చట్రంలో దాచిన బిగువుకే అది విచ్చుకోవడం మొదలుపెట్టింది, మోటార్లు, తీగలు లాగి చివరి స్థానంలో బిగించాయి.

మా జాలి బిగింపులో అంత నాటకం లేదు. జీఐ తీగతో చట్రానికి కుట్టాం. నడుమ పొట్ట పడకుండా అడ్డంగా రెండు పట్టీలు వేయాల్సి వచ్చింది.

నవంబరు, మూడో వారం

స్థలం. మా పాలిటెక్నిక్ మేడ మీద పెడదామన్నారు కొందరు. మేడలు రాడార్‌లో వాటంతట అవే మెరుస్తాయి. గోడ, నేల కలిసిన చోటల్లా ఒక మూలే కదా. వెలుగులో వెలుగు కలిసిపోతుంది. చుట్టూ చీకటి ఉన్న చోటు కావాలి. రేకుల షెడ్డు, కరెంటు స్తంభం, చెరువు ఏరేటర్లు దగ్గరలో ఉండకూడదు. వెతికి వెతికి, మా విద్యార్థి ఒకరి పెదనాన్నగారి కళ్లం పక్కన మెరక ఒకటి ఎంచుకున్నాం.

ఆ పెద్దాయన ముందు ఒప్పుకోలేదు. ఈ ప్రాంతంలో పొలాల్లో ఇనుప సామాను దిగిందంటే చమురు, గ్యాసు సర్వే అనుకుంటారు, లేదంటే సెల్ టవరు.

“ఇది టవరైతే అద్దె వస్తుంది. సర్వే అయితే నష్టపరిహారం వస్తుంది. మీదేమిటి మాస్టారూ?”

చుక్క వస్తుందన్నాను. ఆయన చాలాసేపు నవ్వి, ధాన్యం ఆరబోత అయ్యాక పెట్టుకోమన్నారు. తుపానులో తడిసిన పంట ఇంకా కళ్లం మీదే ఉంది. అందులో అడగాల్సింది లేదు.

నిలబెట్టడంలో మూడు విషయాలు. ఒకటి దిక్కు. ఫోనులో దిక్సూచి ఇనుము దగ్గర నిలకడగా ఉండదు. అందుకని మ్యాపు మీద మెరక నుంచి ఊరి నీళ్ల ట్యాంకుకు దిశ కట్టి, ఆ ట్యాంకును గురిగా పెట్టుకుని, కోణమానినితో తూర్పు తీశాం.

రెండోది వాలు. అడుగు పలక బల్లపరుపుగా ఉంటే మూల సహజంగా 35 డిగ్రీల ఎత్తుకు చూస్తుంది. నిసార్ కిరణం నిలువు నుంచి 33 నుంచి 47 డిగ్రీల మధ్య వాలుతో దిగుతుంది, నడుమ 40 అనుకుంటే ఆకాశంలో 50 డిగ్రీల ఎత్తు. అంటే ఇంకో 15 డిగ్రీలు తల ఎత్తాలి. ముందు అంచు కింద 27 సెంటీమీటర్ల ఎత్తు పెట్టాం, మూడు వరసల ఇటుకలు, పైన ఒక చెక్క.

మూడోది నీరు. ముందు అంచు లేచిందంటే అడుగు పలక వెనక్కి వాలుతుంది, వాన నీరంతా మూల మధ్యలోకి చేరుతుంది. నీరు నిలిస్తే ఆ పలక తరంగానికి వేరే పలకైపోతుంది. రేకు అయితే కన్నం వేయాలి. జాలికి ఆ బెడద లేదు. అయితే ఎండుటాకులు చేరతాయి, అవి పట్టుకున్న తడి చేరుతుంది. పెద్దాయన మనవడికి వారానికోసారి చీపురు ఉద్యోగం ఇచ్చాం.

కోళ్లు దీన్ని గూడు అనుకోకుండా చూడమని కూడా చెప్పాల్సి వచ్చింది.

నవంబరు, చివరి రోజులు

ఇస్రో నిసార్ ఎస్ బ్యాండు చిత్రం విడుదల చేసింది. ఆగస్టు 19న తీసినది. ఏ ఊరిదో చూడగానే క్లాసులో కేక పుట్టింది. గోదావరి డెల్టా!

మడ అడవులు, వరి పొలాలు, తోటలు, చేపల చెరువులు వేరువేరు ఛాయల్లో కనిపిస్తున్నాయి. చెరువు నీరు నున్నగా ఉంటే తరంగం అవతలి వైపు జారిపోయి నల్లగా పడుతుంది. గట్లు సన్నటి వెలుగు గీతలుగా తేలతాయి. పాఠం పక్కన పెట్టి ఒక గంట ఆ చిత్రంలో పాయలు గుర్తుపట్టడంతోనే సరిపోయింది. చిత్రం తీసిన నాటికి మా మూల ఇంకా బోర్డు మీదికి కూడా రాలేదు, కాబట్టి చుక్క కోసం వెతకనక్కర్లేదు. ఒకరిద్దరు అయినా వెతికారు.

ఎల్ బ్యాండు మొదటి చిత్రాలు సెప్టెంబరులోనే వచ్చాయి, అవి అమెరికాలోని మెయిన్ రాష్ట్రపు తీరంలో ఒక దీవివి, నార్త్ డకోటా పొలాలవి. అంటే ఎవరి రాడార్‌తో వారు ముందు తమ ఇంటినే చూసుకున్నారు. మనుషులు ఎక్కడైనా అంతే.

ఈ సందర్భంలో పిల్లలకు తెలియని ఒక సంగతి చెప్పాను. క్రయోజెనిక్ (అతిశీతల ఇంధనంతో నడిచే) రాకెట్ ఇంజన్ల పరిజ్ఞానాన్ని రష్యా నుంచి కొంటున్నారని 1992లో అమెరికా ఇస్రో మీద రెండేళ్ల ఆంక్షలు పెట్టింది. రష్యా పరిజ్ఞానం ఇవ్వకుండా వెనక్కి తగ్గింది. మన వాళ్లు ఏళ్ల తరబడి కిందా మీదా పడి సొంతంగా చేసుకున్నారు. నాసా ఖరీదైన రాడార్‌ను ఈ జులైలో కక్ష్యకు చేర్చింది జీఎస్ఎల్‌వీ. దాని పై అంచెలో మండింది ఆ దేశీయ క్రయోజెనిక్ ఇంజనే. దీని మీద వ్యాఖ్యానం అక్కర్లేదనుకుంటాను. క్లాసులో అయితే ఈలలు వేశారు.

డిసెంబరు, రెండో వారం

ఆరబోత అయిపోయింది. మూల పొలంలోకి చేరింది. కాళ్లకు కాంక్రీటు దిమ్మలు వేశాం.

డిసెంబరు, చివరి వారం

సెంటినెల్ చిత్రం వచ్చింది. దించుకుని, స్నాప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కొలత సరిచేసి, మ్యాపు మీద పరిచాం. కోత అయిన పొలం బూడిద రంగులో చప్పగా ఉంది. మెరక ఉండాల్సిన చోటికి ఒక పిక్సెల్ అవతల చుక్క! పక్కన పొలం విలువ మైనస్ 11 డెసిబెల్స్. చుక్క విలువ ప్లస్ 6. ఆ తేడా యాభై రెట్ల వెలుగు. మూల పెట్టక ముందు తీసిన చిత్రంలో అదే పిక్సెల్ మిగతా పొలంలాగే ఉంది.

కానీ చుక్క కనిపించగానే అది మనదే అనుకోకూడదు. ఎవరైనా ట్రాక్టరు తొట్టి అక్కడ ఆపి ఉండవచ్చు. దీనికొక మంచి పరీక్ష ఉంది. సెంటినెల్ నిలువుగా కంపించే తరంగాన్ని పంపి, తిరిగి వచ్చిన దాన్ని రెండు విధాలుగా వింటుంది: నిలువుగా వచ్చింది ఎంత, అడ్డంగా తిరిగి వచ్చింది ఎంత అని. చెట్లు, చెత్త, వంకర టింకర వస్తువులు తరంగాన్ని కొంత మెలితిప్పి అడ్డంగానూ పంపుతాయి. సరైన మూల అలా తిప్పదు, నిలువుగా వచ్చినదాన్ని నిలువుగానే పంపుతుంది. అడ్డం చిత్రం తెరిచి చూశాం. దూరాన కొబ్బరితోట తెల్లగా మెరుస్తోంది. మా చుక్క ఉండాల్సిన చోట ఏమీ లేదు.

చిత్రంలో ఏమీ కనిపించనందుకు మా గదిలో ఇంత సంబరం జరగడం బయటివాళ్లకు అర్థం కాదు. ప్రిన్సిపాల్‌గారు వచ్చి ఏమైందని అడిగి వెళ్లారు.

లెక్క ప్రకారం గట్టి రేకు మూలకు ప్లస్ 12 దాకా రావాలి. ఆరు డెసిబెల్స్ ఎటు పోయాయి? కొంత జాలి సందుల్లోంచి పోయింది, కొంత 12 డిగ్రీల పక్కచూపుకు, కొంత జాలి నడుమ మిగిలిన పొట్టకు. ఏది ఎంత అన్నది విడదీయాలంటే మూలను ఒకసారి 102 డిగ్రీలకు తిప్పి చూడాలి. కాంక్రీటు వేసిన తరవాత ఆ మాట ఎవరూ ఎత్తడం లేదు. ఎల్ బ్యాండుకు జాలి సమస్య పోతుంది, పొట్టా లెక్కలోకి రాదు. అక్కడ లెక్కకు దగ్గరగా వస్తుందని మా అంచనా.

2026 జనవరి, మొదటి రెండు వారాలు

దాళ్వా (రెండో పంట వరి) నాట్లు మొదలయ్యాయి. పొలాల్లోకి నీరు వదిలారు. చుట్టూ నీరు నిలిస్తే రాడార్ చిత్రంలో పొలం నల్లబడుతుంది, చుక్క ఇంకా తేటగా తెలియాలి. తరవాత వరి దుబ్బు కట్టేకొద్దీ నిలువు కాడలు, నీటి ఉపరితలం కలిసి తరంగాన్ని గట్టిగా వెనక్కి కొడతాయి, పొలం తెల్లబడుతుంది. అప్పుడు మా చుక్క నిలబడుతుందా, పొలంలో కలిసిపోతుందా అన్నది ఈ సీజన్లో చూడాల్సిన విషయం. సీ బ్యాండులో పొలం బాగా మెరిసే రోజుల్లో పోటీ గట్టిగానే ఉంటుంది.

నిసార్ వైపు నుంచి చేయాల్సింది కాచుకోవడం. సైన్సు దశ నవంబరులో మొదలైంది. ఎల్ బ్యాండు సమాచారం నాసా తరఫున అలాస్కా శాటిలైట్ ఫెసిలిటీ ద్వారా, మన వైపు హైదరాబాద్‌లోని ఇస్రో రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఎన్ఆర్‌ఎస్‌సీ ద్వారా అందరికీ ఉచితం. ఆ ఉపగ్రహం రోజుకు దాదాపు 80 టెరాబైట్ల సమాచారం తయారు చేస్తుందని నాసా చెబుతోంది. అందులో మా పొలం వాటా కొన్ని పిక్సెళ్లు. మా ఊరు ఏ దారిలో, ఏ ఫ్రేములో పడుతుందో గుర్తుపెట్టుకున్నాం. మామూలు రోజుల్లో చిత్రం తీసిన ఒకటి రెండు రోజుల్లో సమాచారం అందించాలన్నది వారి లక్ష్యం. దాన్ని తెరవడానికి కావాల్సిన పైథాన్ ప్రోగ్రామింగ్ పని ఇద్దరు పిల్లలు నేర్చుకుంటున్నారు.

ఈలోగా రెండో మూల. తూర్పు ముఖంగా ఉన్నది నిసార్ ఉత్తరంగా వెళ్లేటప్పుడు మాత్రమే పనికొస్తుంది. దక్షిణంగా వెళ్లే చూపు కోసం పడమటి ముఖంగా ఇంకొకటి కావాలి. నేల కదలికను రెండు వైపుల నుంచి చూస్తేనే అది నిలువుగా కుంగిందో, పక్కకు జరిగిందో విడదీయడం కుదురుతుంది. తుపాను సెలవుల్లో మిగిలిన డబ్బు, వాడకుండా మిగిలిన అల్యూమినియం రేకు తిరిగి అమ్మగా వచ్చిన డబ్బు ఉన్నాయి, కాబట్టి ఈసారి పిల్లల మాటే నెగ్గింది: అంచు రెండు మీటర్లు. ఎల్ బ్యాండుకు 1,184 చదరపు మీటర్లు. కర్ణం 283 సెంటీమీటర్లు, ముందు అంచు ఎత్తు 36.6.

పెద్దాయన స్థలం ఇస్తానన్నారు. చుక్క ప్రింటు తీసి ఇచ్చాం, కళ్లం దగ్గర షెడ్డులో క్యాలెండరు పక్కన తగిలించారు. వచ్చినవాళ్లకు అది తన పొలమని చెబుతున్నారట.

పైపులు కోతకు ఇచ్చాం. చట్రాన్ని ఈసారి వెల్డింగ్ కాకుండా బోల్టులతో బిగిద్దామంటున్నారు షాపు ఆయన. రెండు మీటర్లది లోపల కట్టేస్తే షాపు గుమ్మంలోంచి బయటికి రాదు.